మెస్ బల్ల మీద ఏడో ప్రయత్నం

ఈ సంగతి నేను కాగితం మీద పెట్టకపోతే మా బావ చెప్పేదే చరిత్ర అయిపోతుంది. బావ అంటే మా అక్క భర్త. ఏ పెళ్లికి వెళ్లినా, ఏ గృహప్రవేశానికి వెళ్లినా, విస్తరి ముందు కూర్చోగానే పక్కవాళ్లకు నన్ను చూపించి ఒకటే కథ చెబుతాడు. "మావాడు సి.ఏ. ఇంటర్ ఆరుసార్లు తప్పాడండి. లైబ్రరీకి వెళ్లడం మానేశాడు, ఏడోసారి పాసైపోయాడు." పక్కవాళ్లు పప్పు కలుపుకుంటూ తలూపుతారు. అలా తలూపిన ఒకాయన ఇంటికి వెళ్లి, తన కూతురి లైబ్రరీ కార్డు లాగేసుకుని, నా సలహా పాటించానని నాకే ఫోన్ చేసి చెప్పాడు. ఆ సాయంత్రమే ఈ రాత మొదలుపెట్టాను. నేను లైబ్రరీ మానలేదు. నాకు తెలిసిన నాలుగు ముక్కలూ అక్కడివే. జరిగింది వేరు, జరిగినట్టే రాస్తాను.

నేను గుంటూరు వైపు నుంచి హైదరాబాదు వచ్చి పంజాగుట్టలో ఒక ఆడిటర్ గారి దగ్గర శిక్షణకు చేరాను. శిక్షణ ముగిసినా పరీక్ష ముగియలేదు కనుక అక్కడే సహాయకుడిగా ఉండిపోయాను. నివాసం అమీర్‌పేటలో ఒక మగపిల్లల హాస్టల్. ఆ రోజుల్లో అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేయని కుర్రాడు దొరకడం కష్టం. ఇస్త్రీ బండాయన నా చొక్కా మడతపెడుతూ "ఏం కోర్సు?" అని అడిగేవాడు. అకౌంట్స్ అంటే, "అది ఎన్ని రోజుల్ది?" అనేవాడు. నేను నాలుగో ఏడు నడుస్తోందని చెప్పలేక నలభై ఐదు రోజులనేవాణ్ణి.

ఆరోసారి ఫలితాలు వచ్చిన ఆదివారం అక్కా బావా హాస్టల్‌కు వచ్చారు. బావకు లక్డీకాపూల్లో పెళ్లి శుభలేఖలు అచ్చువేసే ప్రెస్ ఉంది. "ఇంకొక్కసారి రాయి. అప్పుడూ రాకపోతే ప్రెస్‌లో కూర్చో. నీ అక్షరం గుండ్రంగా ఉంటుంది, ప్రూఫులు చూద్దువు గాని," అన్నాడు బావ. అక్క నా మొహం చూసి, "ఒరేయ్, ఒక్కసారేరా. తర్వాత నేనూ నీ వైపు మాట్లాడలేను," అంది. శుభలేఖలంటే నాకు చిన్నచూపు లేదు. కానీ ఒక కంపెనీ ఏడాది పొడుగునా చేసిన గందరగోళమంతా సర్దితే చివర రెండు వైపులా ఒకే మొత్తం వస్తుంది. అది వచ్చినప్పుడు నాకు కలిగే సంతోషం ఇంకెక్కడా కలగలేదు. ఆడిటర్‌ను కావాలన్నది నా ఒక్క కోరిక. దానికి ఆరు నెలలే మిగిలాయి.

ఆ పరీక్షకు ఒక తిరకాసు ఉంది. ప్రతి పేపర్లోనూ నలభై రావాలి, మొత్తం కలిపితే సగం రావాలి. నాకు ఒకటి వస్తే ఇంకోటి వచ్చేది కాదు. అది నా బుర్ర లోపం కాదు, పద్ధతి లోపమని నేను మొదటినుంచీ నమ్మాను. అందుకే పంజాగుట్టలో ఆఫీసు వెనక సందులో ఉన్న లైబ్రరీలో, చదవడం ఎలా అన్న విషయం మీద ఉన్న పుస్తకాలన్నీ చదివాను. ఒకటి రంగులు వాడమంది. నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు కొని ముఖ్యమైన వాక్యాల కింద గీతలు గీశాను. పుస్తకం పూర్తయ్యేసరికి గీత లేని వాక్యాలు పదకొండు మిగిలాయి, అవే కొట్టొచ్చినట్టు కనపడి అవే గుర్తున్నాయి. ఇంకోటి వేగంగా చదవమంది. కాస్ట్ అకౌంటింగ్ అంతా రెండు రోజుల్లో ముగించాను. కథ చివర్లో బిగువుగా ఉందని ఆఫీసులో చెప్పాను కూడా.

నాలుగోసారికి దొరికింది అసలు పద్ధతి. తెలిసిన దారి వెంట గుర్తుపెట్టుకోవలసినవన్నీ ఒక్కో చోట ఉంచి, అవసరమైనప్పుడు మనసులో ఆ దారిన నడిచి ఏరుకోవాలట. నాకు తెలిసిన దారి రోజూ నడిచేదే, పంజాగుట్ట చౌరస్తా నుంచి అమీర్‌పేట దాకా. ఒక్కో అకౌంటింగ్ సూత్రాన్నీ ఒక్కో బోర్డుకు తగిలించాను. మిగిలిపోయిన సరుకుకు విలువ కట్టడం చెప్పుల షాపు బోర్డు మీద, తరుగుదల ఒక మేడ మీద కోబాల్ నేర్పే ఇన్‌స్టిట్యూట్ బోర్డు మీద, ఆదాయం ఎప్పుడు లెక్కలోకి తీసుకోవాలన్నది దాని పక్కన జావా బోర్డు మీద. నెల రోజులు ఆ దారిన పెదవులు కదుపుకుంటూ నడిచాను. నేను మరచిన సంగతి ఒకటే. అమీర్‌పేటలో బోర్డు అన్నది వారం నిలవదు. కోబాల్ పోయి మెయిన్‌ఫ్రేమ్స్ వచ్చింది, అదీ పోయింది. పరీక్షలో తరుగుదల ప్రశ్న చూసి కళ్లు మూసుకుని ఆ మేడ దగ్గరికి వెళ్లాను. అక్కడ 'టెస్టింగ్ టూల్స్, ఫ్రీ డెమో, సోమవారం ఉదయం ఏడున్నర' అని ఉంది. ఆ బోర్డు కింద పది నిమిషాలు నిలబడ్డాను. తరుగుదల రాలేదు. డెమో మాత్రం సోమవారమని ఇప్పటికీ గుర్తుంది.

నా గదిలో పక్క మంచం తమ్ముడు సరిగ్గా ఆ టెస్టింగ్ కోర్సే చేస్తున్నాడు. కరీంనగర్ వైపు కుర్రాడు, నన్ను అన్న అని పిలిచేవాడు, నేను తమ్ముడూ అనేవాణ్ణి. టెస్టింగ్ అంటే ఇంకొకరు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. తప్పును బగ్ అంటారు. దొరికిన ప్రతి బగ్‌నూ నంబరు వేసి రాసుకుంటారు. అది ఎంత ప్రమాదం, ఎప్పుడు బాగైంది, బాగైన తర్వాత మళ్లీ వచ్చిందా అన్నవన్నీ పట్టికలో ఉంటాయి. ఇదంతా తమ్ముడికి కంఠతా వచ్చు. కానీ ఇంటర్వ్యూకు వెళితే, నిజంగా ఏ ప్రాజెక్టు మీద పనిచేశావని అడిగేవారు. అమీర్‌పేటలో అందుకూ ఏర్పాటు ఉండేది. ఎవరో ఒకరు తమ ప్రాజెక్టు వివరాలు రాసి ఇచ్చేవారు, అందరూ అదే బట్టీ పట్టి వెళ్లేవారు. తమ్ముడికి ఒక బ్యాంకు ప్రాజెక్టు ఇచ్చారు. ఇంటర్వ్యూలో ఆ బ్యాంకుకు ఎన్ని శాఖలున్నాయని అడిగితే వీడు, "మా ఊర్ల ఒకటున్నది సార్," అన్నాడు.

అక్కా బావా వెళ్లిన సాయంత్రం వాడు నా మంచం అంచున కూర్చున్నాడు.

"అన్న, ఒక మాట చెప్త, కోపం చేసుకోవద్దు."

"చెప్పు."

"నాకు అబద్ధం ప్రాజెక్టు చెప్తుంటే చెమటలు పడ్తున్నయ్. నాకు నిజం ప్రాజెక్టు కావాలె. నువ్వు ఆరు సార్లు ఫెయిలైనవ్ కదా."

"అయితే?"

"గిన్ని బగ్గులున్న ప్రాజెక్టు నాకు యాడ దొరుకుతది? నిన్ను టెస్ట్ చేస్త అన్న."

నేను దుప్పటి మడతపెట్టడం మొదలుపెట్టాను. వాడు అదే అంగీకారం అనుకుని, రెండు వందల పేజీల నోటు పుస్తకం తీసి మొదటి పేజీలో 'రిలీజ్ ఏడు' అని రాశాడు. ఇంతకుముందు ఆరు రిలీజులూ మార్కెట్లో నిలవలేదు కనుక ఇది ఏడోదట. వాడికి అకౌంట్స్ ఒక్క ముక్క రాదు. నా పాత ప్రశ్నపత్రాల పుస్తకం వెనక జవాబులు ఉంటాయి కనుక రానక్కర్లేదన్నాడు. ఒక ప్రశ్న ఇచ్చి, పుస్తకం మూసి, గడియారం పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. అరగంట తర్వాత కాగితం లాక్కుని చూశాడు.

"ఇరవై నిమిషాలు అచ్చంగా మార్జిన్ గీసినవ్."

"హెడ్డింగు కూడా రాశాను."

"హెడ్డింగు కింద రెండు గీతలు, గదీ స్కేలు పెట్టి. లెక్క ఏది అన్న?"

బగ్ నంబర్ ఒకటి: మార్జిన్లు. తీవ్రత: ప్రాణాంతకం. మరునాడు ఆడిటింగ్ పేపర్ ఇచ్చాడు. ఆడిట్ అన్న మాట లాటిన్‌లో వినడం అన్న మాట నుంచి వచ్చిందని నేను లైబ్రరీలో చదివాను. పూర్వం లెక్కలు చదువుతుంటే ఆడిటర్ కూర్చుని వినేవాడట. ఎంత అందమైన సంగతి. దానితోనే జవాబు మొదలుపెట్టాను.

"మొదటి జవాబుల లాటిన్ ఉన్నది," అన్నాడు తమ్ముడు. "రెండో దాంట్ల సుత అదే. అయిదోది గోడౌన్‌ల సరుకు ఎట్ల చెక్ చేస్తవ్ అని అడిగిన్రు. దానికి లాటిన్ ఎందుకన్నా?"

"పునాది ఉండాలి కదా."

"పునాదులు మస్తుగున్నయ్. ఇల్లేది?"

నాలుగు రోజుల్లో ఇరవై మూడు బగ్గులయ్యాయి. అయిదో రోజు హాస్టల్ వరండాలో ఎవరో నన్ను చూసి "ప్రాజెక్ట్ వస్తుండు, జరగుర్రి," అన్నారు. నాకు చాలా కష్టం కలిగింది. నాలుగేళ్లుగా పుస్తకాలు నమ్ముకున్నవాణ్ణి, నలభై ఐదు రోజుల కోర్సువాడు తప్పులెన్నడమా. నోటు పుస్తకం వాడి మంచం మీద పడేసి, ఆఫీసు అయ్యాక తిన్నగా లైబ్రరీకి పోవడం మొదలుపెట్టాను. అక్కడ ఎవరూ గడియారం పెట్టరు.

లైబ్రేరియన్ గారు పాతబస్తీ నుంచి రోజూ స్కూటర్ మీద వచ్చే పెద్దమనిషి. నన్ను గౌరవంగా చూసేవారు. కామర్సు బీరువా తాళంచెవి అడగకుండానే ఇచ్చేవారు. ఆ వారం ఆయన ఒక ఫారం పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

"మీరు ఉన్నరని మర్చేపోయిన. పై ఆఫీసోళ్లు ఈ బీరువాల తరుగుదల రాయమన్నరు. జర చూడున్రి."

నా ప్రాణం లేచి వచ్చింది. తరుగుదల అంటే ఏమిటో, రైల్వేలు వచ్చిన కాలంలో దాని మీద ఎన్ని వాదాలు జరిగాయో, సమాన వాయిదాల పద్ధతికీ తగ్గే విలువ పద్ధతికీ ఉన్న తాత్విక భేదమేమిటో పావుగంట చెప్పాను. ఆయన చేతులు కట్టుకుని విన్నారు.

"మస్తు మంచిగ చెప్పిన్రు," అన్నారు. "ఇగ ఈ గడిల ఏం రాయాలె?"

కలం తీసుకున్నాను. కొన్న ధర ఉంది, కొన్న నెల ఉంది, శాతం ఉంది. మూడింటినీ ఏ వరసలో పెట్టాలో తెలియలేదు. బీరువాలోంచి పుస్తకం తెస్తానని లేచాను. ఆయన మర్యాదగా ఫారం వెనక్కి తీసుకుని, ఫరవాలేదు, రేపు చూద్దాం అన్నారు. ఆ మర్యాద నన్ను ఇరవై మూడు బగ్గులకంటే ఎక్కువ బాధపెట్టింది.

పుస్తకం కోసం వెళ్లినవాణ్ణి, తెలియకుండానే పక్క అరలో ఉన్న మనస్తత్వశాస్త్రం పుస్తకం తీశాను. నాకు ఇష్టమైన పుస్తకం. చదువు మీద ఒక అధ్యాయం ఉంది. అందులో ఏమని ఉందంటే, ఒక భాగం చదవగానే పుస్తకం మూసి, చూడకుండా చెప్పుకోవాలట, రాసుకోవాలట. ఎక్కడ ఆగిపోతామో అదే మనకు రానిదట. మళ్లీ మళ్లీ చదివితే వచ్చినట్టు అనిపిస్తుంది గాని రాదట. వెనక అట్టకు అంటించిన తేదీల చీటీలో మూడు తేదీలు నావే. ఆ అధ్యాయాన్ని నేను మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ఎంత బాగా చెప్పాడో అనుకున్నాను. ఒక్కసారీ పుస్తకం మూయలేదు.

హాస్టల్‌కు వెళ్లేసరికి తమ్ముడు బట్టలు ఆరేస్తున్నాడు.

"నువ్వు చేసేది శాస్త్రీయమైన పద్ధతే," అన్నాను. "పుస్తకంలో ఉంది."

"పుస్తకంల లేకపోతే తప్పయితుండెనా అన్న?"

"తప్పయ్యేది కాదు. నేను నమ్మేవాణ్ణి కాదు."

వాడు చొక్కాకు క్లిప్పు పెట్టి, "ఫికర్ చెయ్యకు. ఇరవై నాలుగో బగ్ రాసుకుంట. ప్రాజెక్టు అలిగి పోయింది, మళ్ల వచ్చింది," అన్నాడు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా కింద మెస్‌లో పూర్తి పరీక్ష. ఆ వేళ బల్ల ఖాళీగా ఉంటుంది. పర్యవేక్షణ మెస్ ఆంటీగారిది. ఆవిడది గుడివాడ వైపు. పరీక్షంటే ఏమిటో ఒక్కసారే అడిగి తెలుసుకుని, ఆ తర్వాత నా మీద ఏ కనికరమూ చూపలేదు. మంచినీళ్లకు లేస్తే, "ఏంటి బాబూ, అక్కడ కూడా ఇలాగే తిరగనిస్తారా?" అనేవారు. అయిదు కాగానే కాగితాలు లాగేసేవారు. నేను రెండు నిమిషాలు అడిగితే, "నాకు ఉల్లిపాయలు తరగాలి. నువ్వు రాసినా రాయకపోయినా సాంబారు ఏడింటికి దిగాలి," అనేవారు. నా జవాబు పత్రాలన్నిటికీ పసుపు మరకలు ఉండేవి. తమ్ముడు వాటిని దిద్దుతూ, ఈ లెక్కకు ఉప్పు తగ్గింది అనేవాడు.

మార్జిన్లు మూడో వారానికి పోయాయి. లాటిన్ కొంచెం ఆలస్యంగా పోయింది. పోనిది ఏడో నంబరు. భాగస్వామి ఏడాది మధ్యలో తప్పుకుంటే అతని వాటాకు ఆరు నెలల వడ్డీయే కట్టాలి. నేను ఏడాదంతా కట్టేవాణ్ణి. బాగైందని కొట్టేయడం, మళ్లీ తెరవడం, నాలుగుసార్లయింది. నేను ఆ పాఠం మళ్లీ చదువుతానన్నాను. తమ్ముడు వద్దన్నాడు. నాలుగు కాగితాలూ బల్ల మీద పరిచి, చాలాసేపు వాటినే చూశాడు.

"అన్న, తప్పుకున్న తారీఖు ప్రశ్నల యాడ రాస్తున్నరు?"

చూశాను. నాలుగింటిలోనూ చివరి వాక్యంలో ఉంది.

"నువ్వు మొదటి రెండు లైన్లు సదివి, ఇది నాకు తెలిసిందే అని మొదలువెడుతున్నవ్. నీకు పాఠం రాక కాదు. ఎక్కువ వచ్చి."

ఎన్నోసార్లు చదివినందువల్ల ప్రశ్న తల చూడగానే తోక నేనే ఊహించుకుంటున్నానన్నమాట. నా చదువు మీద ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నుంచి నియమం: ముందు చివరి వాక్యం, దాని మీద వేలు పెట్టి చదవాలి. ఆ తర్వాతే కలం. ఆంటీగారు అది చూసి, "ఉర్దూ కుడి నుంచి ఎడమకని విన్నాను. నీది కింది నుంచి పైకా?" అన్నారు. ఏడో నంబరు మళ్లీ తెరుచుకోలేదు.

ఇంకొక బగ్ ఉండేది, అది నా స్వభావానికే సంబంధించింది. రెండు వైపులా మొత్తాలు కలవకపోతే నేను ముందుకు కదలలేను. ఆ తేడా వెతుక్కుంటూ ముప్పావుగంట పోగొట్టి, చివర రెండు ప్రశ్నలు ముట్టుకోకుండానే బయటికొచ్చేవాణ్ణి. ఆరుసార్లలో నాలుగుసార్లు అదే జరిగిందని, తమ్ముడు నన్నడిగి పాతవి కూడా పట్టికలో ఎక్కించాక తెలిసింది. తమ్ముడి ఆజ్ఞ ఏమిటంటే, కలవకపోతే వదిలేసి తర్వాతి ప్రశ్నకు పోవాలి. ఆ నియమం నేను మెస్‌లో పాటించాను. పరీక్షలో పాటిస్తానా అన్నది నాకే తెలియదు.

మాసబ్ ట్యాంక్ దగ్గర ఒక కాలేజీలో పరీక్ష. అకౌంట్స్ పేపర్లో మొదటి ప్రశ్నే ఒక కంపెనీ ఆస్తి అప్పుల పట్టీ. చివరి వాక్యం వేలు పెట్టి చదివాను. మార్జిన్ చేత్తో మడిచాను. అన్నీ సక్రమంగా వేశాను. కూడితే ఎడమకూ కుడికీ ఆరు వందల తేడా వచ్చింది. ఆరు వందలంటే చిన్నది, ఇక్కడే ఎక్కడో ఉంటుంది, ఒక్క నిమిషంలో దొరికిపోతుంది. చేయి పేజీ తిప్పనంటోంది. గడియారం చూశాను. ఇప్పుడు వెతికితే నా సంతోషం నాకు దక్కుతుంది, ఆ తర్వాత జీవితమంతా శుభలేఖల ప్రూఫులు దిద్దుకోవాలి. నా కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని పేజీ తిప్పాను. పక్క బల్లవాడు నాకు వంట్లో బాగాలేదనుకుని నీళ్ల సీసా జరిపాడు. ఆ రోజు, నా జీవితంలో మొదటిసారి, ఆఖరి ప్రశ్న కూడా రాశాను.

ఆడిటింగ్‌లో లాటిన్ ఒక్కచోట రాశాను. ఆగలేకపోయాను.

ఫలితాలు అమీర్‌పేటలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో చూశాం. నంబరు తమ్ముడే కొట్టాడు. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. వెనక వాడు అంకెలు గొణుగుతున్నాడు. మొత్తం కూడుకుంటున్నాడట, స్క్రీన్ మీద ఉన్నదాన్ని కూడా ఇంకోసారి సరిచూడకుండా నమ్మడట. "పాస్ అన్న," అన్నాడు చివరికి. "సగం మీద మూడు మార్కులు." అకౌంట్స్‌లో నలభై ఆరు. నేను వాణ్ణి కావలించుకోబోతే, ఉండు, ముందు నోటు పుస్తకంలో ఎక్కిస్తానన్నాడు.

ఆ నోటు పుస్తకాన్నే వాడు తర్వాతి ఇంటర్వ్యూకు పట్టుకెళ్లాడు. ఏ ప్రాజెక్టు అంటే ఉన్నదున్నట్టు చెప్పాడు, మా రూమ్మేట్ సార్ అని. వాళ్లు అందులో అంటించిన నా పసుపు మరకల జవాబులతో సహా పేజీలు తిప్పి, ఏడో నంబరు నాలుగుసార్లు తెరుచుకున్న కథ రెండుసార్లు చెప్పించుకున్నారట. ఉద్యోగం ఇచ్చారు.

ఇక కృతజ్ఞతలు. పేరు పేరునా చెప్పాలనే ఉంది గాని, వీళ్లంతా పేర్లు అచ్చులో వద్దన్నారు. కనుక నేను పిలిచే పిలుపుతోనే చెబుతాను. తమ్ముడికి, నన్ను బాగుచేయాలని కాక తన పని తాను చేసుకున్నందుకు. ఆంటీగారికి, ఒక్క నిమిషం కూడా ఇవ్వనందుకు. లైబ్రేరియన్ గారికి, నవ్వనందుకు. ఆయన బీరువాల తరుగుదల తర్వాత నేనే వేసి ఇచ్చాను, పుస్తకం తెరవకుండా. అక్కకు, నా వైపు ఇంకొక్కసారి మాట్లాడినందుకు. బావకు, ఇకనైనా కథ సరిగ్గా చెబుతాడన్న ఆశతో. నీళ్ల సీసా జరిపిన పక్క బల్ల ఆయనకు. చివరగా, ఎక్కడుంటారో, ఎవరో నాకు తెలియని ఆ పేపరు దిద్దిన వారికి. మొత్తాలు కలవని ఆ పట్టీకి వారు కొట్టివేత పెట్టకుండా, సరిగా వేసిన ప్రతి మెట్టుకూ మార్కులిచ్చి ఉంటారు, లేకపోతే నలభై ఆరు రావు. ఆ ఆరు వందలు ఎక్కడ పోయాయో వారికి తెలిసే ఉంటుంది. దయచేసి నాకు చెప్పవద్దని మనవి.